నల్ల తొడుగు కింద

మా గ్వాయాకిల్ ఊళ్ళో ఆసుపత్రిలో తిండి తయారయ్యేది రెండు చోట్ల. ఒకటి కింద వంటశాల. ఉడికిన అరటికాయ వాసన, గరిటెల చప్పుడు, వంటవాళ్ళ తిట్లు. రెండోది మూడో అంతస్తులో మా గది. అక్కడ వాసన ఉండదు, కిటికీ ఉండదు, దుమ్ము కణం కూడా ఉండకూడదు. పేగులు పనిచెయ్యని రోగులకి నరంలోకి ఎక్కించే తిండి అక్కడ కలుపుతాం. చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు కలిపితే బ్యాగు పాలలా తెల్లగా వస్తుంది. చిట్టచివర చిన్న సీసాలోని విటమిన్లు సిరంజితో ఎక్కిస్తే లేత మొక్కజొన్న రంగుకి తిరుగుతుంది. వెలుతురు తగిలితే విటమిన్లు పాడైపోతాయి కాబట్టి వెంటనే నల్ల తొడుగు తొడిగి, మూతికి క్లిప్పు పెట్టేస్తాం. ఇక లోపల ఏ రంగుందో కలిపినవాళ్ళకే తెలుసు.

నా పేరు మారియుక్సి. పద్నాలుగేళ్ళుగా కలపడం నా పని. సరిచూడడం నార్సీసక్క పని. ఖాళీ అయిన సీసాలు స్టీలు పళ్ళెంలో వరసగా నిలబెడితే, ఆవిడ వేలితో చూపిస్తూ లెక్కపెట్టి, కాగితం మీద నా సంతకం పక్కన తన సంతకం పెడుతుంది. రెండు సంతకాలు లేనిదే బ్యాగు గది దాటదు.

"నీ సంతకం కోడి కెలికినట్టుంటుందే పిల్లా," అనేది రోజూ. "నాది చూడు. శుభలేఖ మీద అచ్చేసుకోవచ్చు."

"ఎవరి శుభలేఖ అక్కా? నీదా? ఈ వయసులోనా?"

"నోర్ముయ్," అని నవ్వేది.

ఏప్రిల్లో విటమిన్ సీసాలు రావడం ఆగిపోయింది. ఉన్నవి ఆరుగురు రోగులకీ రోజు విడిచి రోజు వెయ్యమన్నారు పెద్ద డాక్టర్లు. ఆ ఆరుగురిలో నాలుగో మంచం మీద ఉన్నది నా తమ్ముడు యాంద్రి. టైర్ల షాపు ముందు పంచరు వేయించుకుంటూ నిలబడితే, ఎవరి కోసమో వచ్చిన తూటా వాడి కడుపులో దూరింది. వాడికి మిగిలిన పేగు జానెడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. ఇరవై ఆరేళ్ళొచ్చినా నన్ను 'న్యాన్యా' అనే పిలుస్తాడు, అక్కా అని, చిన్నప్పుడు పిలిచినట్టే.

తొమ్మిదో మంచం మీద ఒల్మెదో తొమాలా ఉండేవాడు. మడ అడవుల్లో పీతలు పట్టే మనిషి. పేగు మెలిపడి కుళ్ళిపోతే కోసి తీసేశారు. చూడ్డానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

నాలుగు వారాలు ఆయన విటమిన్లు నేను యాంద్రి బ్యాగులో వేశాను. ఆయన తెల్ల బ్యాగుకి మాత్రం నల్ల తొడుగు ఎప్పటిలాగే తొడిగాను. చెత్తడబ్బాలోంచి నిన్నటి ఖాళీ సీసా తీసి పళ్ళెంలో నిలబెడితే నార్సీసక్క లెక్క సరిపోయేది. ఆయన్నే ఎందుకంటే, ఆయన తరఫున అడిగేవాళ్ళు లేరు. ఇంకే కారణం చెప్పినా అబద్ధమే.

విటమిన్లు లేకుండా ఒట్టి చక్కెర నెత్తుట్లోకి ఎక్కుతూ ఉంటే మనిషి బతకడు. ముందు చూపు పోతుంది, తర్వాత బుద్ధి, తర్వాత గుండె. నేను చదువుకున్నదాన్ని. నాకు తెలుసు.

ఆయన ఆఖరి రోజు బ్యాగు ఇవ్వడానికి వార్డుకి నేనే వెళ్ళాను. ఆయన కళ్ళు ఒకచోట నిలవడం లేదు. గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతున్నాయి.

"తల్లీ, ఇవాళ ఇద్దరొచ్చారేంటి?" అన్నాడు.

"ఒక్కదాన్నే పెద్దాయనా."

"కాదు. ఇద్దరున్నారు. ఒకతి నాకు తిండి తెచ్చింది. ఒకతి దొంగది." ఊగే కళ్ళతో నన్ను వెతికాడు. "ఏది ఏదో తెలియట్లేదు తల్లీ."

ఆ మధ్యాహ్నమే ఆయనకి పిచ్చెత్తింది. గొంతు కింద ఉన్న గొట్టం పీకేశాడు. రక్తం దుప్పటి మీద, గోడ మీద. ఆపబోయిన నర్సు మణికట్టు పట్టుకుని, పీత డెక్క విరిచినట్టు విరిచాడు. నలుగురు మీద పడి, రెండు చేతులూ కట్టేస్తే గానీ లొంగలేదు. సాయంత్రం ఆ కట్లతోనే పోయాడు. ఇన్ఫెక్షన్ అని రాశారు. నేను ఇంటికెళ్ళి వేయించిన చేప, అన్నం తిని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

తొమ్మిది రోజులు గడిచాయి.

అప్పట్లో ఊరంతా కరెంటు కోతలు. ఆ రోజు పదకొండింటికి పోయింది. బయట ఎండ మండిపోతోంది, మా గదిలో మాత్రం కళ్ళు పొడుచుకున్నా కనపడదు. బల్ల మీద గాలి వీచే యంత్రం గురగుర ఆగిపోయింది. నా పిడికిట్లో ఒక్క సీసా ఉంది. మొత్తం ఆసుపత్రిలో మిగిలిన ఆఖరిది. కాగితం ప్రకారం రెండో మంచానిది. నా లెక్కలో యాంద్రిది.

జనరేటరు పది అంకెలు లెక్కపెట్టేలోపు అందుకోవాలి. నార్సీసక్క చీకట్లోనే లెక్కపెట్టింది. "తొమ్మిది... పది... పదకొండు. దానిక్కూడా భోజనాల వేళైనట్టుందే."

నేను నవ్వలేదు. వాసన వేస్తోంది. వాసనే ఉండకూడని గదిలో... బురద వాసన. సముద్రపు పోటు తీసినప్పుడు మడ వేళ్ళ కింద మిగిలే నల్ల బురద.

"అక్కా, నీకు వాసనొస్తోందా?"

"డ్రైనేజీ అయ్యుంటుంది."

తలుపు తెరిస్తే, కరెంటు లేకపోయినా, బ్యాటరీ బజరు మోగాలి. మోగలేదు. కానీ తడి పాదాల చప్పుడు గదిలోనే వినిపించింది. చప్... చప్... మధ్యలో ఇంకో చప్పుడు. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. శనివారం సాయంత్రాలు మా వీధిలో ప్రతి ఇంట్లో వినపడే చప్పుడే. పీత పెంకు మీద చెక్క సుత్తి.

"ఎవరది?" అంది నార్సీసక్క.

గుసగుసగా జవాబొచ్చింది. "ఇద్దరున్నారు."

సీసా ఉన్న పిడికిలి గుండెకి అదుముకున్నాను.

"ఒకతి దొంగది. ఏది?"

"మారియుక్సీ, వీడెవడే? దొంగేంటి? ఏమంటున్నాడు?"

మా ఇద్దరికీ ఒకటే తెల్ల గౌను, ఒకటే టోపీ, ఒకటే మాస్కు. వెలుతురున్నా ఎవరు ఎవరో చెప్పలేరు.

తడి చెయ్యి ఒకటి నా పిడికిలి మీద పడింది. ఆ మణికట్టుకి తాడు వేలాడుతోంది. నా చేతికి తగిలింది. చల్లగా, నారలా. పిడికిట్లోంచి నా చిటికెన వేలు ఒక్కటే పైకి తీసింది. మెల్లగా వెనక్కి వంచింది. ఇంకా వంచింది.

"ఏది?"

ఫట్‌మంది.

అరవలేదు నేను. సీసా వదల్లేదు. ఉంగరం వేలు పట్టుకుంది. అప్పుడు చెప్పాను.

"ఆవిడ... సంతకం ఆవిడదే."

చెయ్యి వదిలేసింది.

"మారియుక్సీ?" అంది నార్సీసక్క. అంతే. బల్ల బోర్లా పడింది. పళ్ళెం నేల మీద పడింది, సీసాలు పగిలాయి. ఆవిణ్ణి ఈడ్చుకెళ్ళడం, ఆవిడ గోళ్ళు నేలని గీరడం విన్నాను. టక్. ఒక అరుపు. టక్. ఇంకో అరుపు. ఒక్కొక్క వేలే... తొందరేమీ లేదు. పీత కాళ్ళు కొట్టేవాడు తొందరపడడు. నేను గోడకి అతుక్కుపోయి లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. పది.

"పిల్లా..." అంది. మాటలో నెత్తురు బుడగలు. "నేను సరిగ్గానే లెక్కపెట్టానని... చెప్పవే..."

నేను చెప్పలేదు.

ఈసారి చప్పుడు టక్‌మని కాదు. పెద్ద పెంకు పగిలినట్టు. రెండుసార్లు. ఆ తర్వాత మూడోసారి. నా మాస్కు మీద వెచ్చగా ఏదో చిందింది.

లైట్లు వెలిగాయి.

ఆవిడ వెల్లకిలా పడుంది. పది వేళ్ళూ వెనక్కి తిరిగిపోయాయి. టోపీ కింద తల ఆకారం లేదు. రెండు మణికట్లూ కలిపి తడి నారతాడుతో కట్టేసున్నాయి, బజార్లో పీతల కట్ట కట్టినట్టు. ముడికి బురద అంటుకుంది. గోడల మీద మనిషి ఎత్తు దాకా రక్తం. సుత్తి లేదు. అడుగు జాడ లేదు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ చేశాను. గార్డులు తలుపు కొట్టేలోపు పగిలిన సీసాల మధ్య నిలబడి, ఆ ఆఖరి విటమిన్లు యాంద్రి బ్యాగులో ఎక్కించాను. మొక్కజొన్న రంగు వచ్చింది. నల్ల తొడుగు తొడిగాను. విరిగిన వేలితోనే క్లిప్పు పెట్టాను.

పోలీసులు మూడు రోజులు అడిగారు. తలుపు తెరిచిన గుర్తు యంత్రంలో లేదన్నారు. నా విరిగిన వేలే నన్ను కాపాడింది. ఎవడో ముఠావాడు ఇద్దరి మీదా పడ్డాడని రాసుకుని వెళ్ళారు. మా ఊళ్ళో ఆ మాట నమ్మడానికి ఎవరికీ కష్టం కాదు.

మరుసటి వారం సీసాలు వచ్చాయి. పెట్టెలకి పెట్టెలు. ఇప్పుడు ఎవరి వాటా ఎవరికీ వెయ్యక్కర్లేదు. సరిచూడ్డానికి లుపేర్సియో అని కొత్తగా ఒకతన్ని వేశారు. నేను యాంద్రి బ్యాగులో రోజూ నిండు సీసా వేస్తున్నాను. అతను కళ్ళారా చూసి సంతకం పెడుతున్నాడు.

నాలుగో రోజు వార్డు నర్సు ఫోన్ చేసింది. "అక్కా, నాలుగో మంచానికి విటమిన్లు మర్చిపోయావా? తొడుగు జారితే చూశాను, తెల్లగా ఉందేంటి?"

పరిగెత్తాను. తెల్లగా ఉంది. పాలలా. పక్క మంచాల బ్యాగులన్నీ పసుపుగానే ఉన్నాయి. మర్నాడు వాడి కోసం రెండు సీసాలు వేశాను. అది కూడా మంచం చేరేసరికి తెల్లబడింది. విడిగా ఇంజెక్షన్ చెయ్యమని డాక్టరు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. చేశారు. వాడికి మాత్రం గుణం కనబడలేదు.

నిన్న వాడి కళ్ళు ఊగడం మొదలుపెట్టాయి.

"న్యాన్యా," అన్నాడు, "ఇవాళ ఇద్దరొచ్చారేంటి?"

మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను.

"నీ వెనకాల ఎవరో పెద్దాయన, న్యాన్యా. చేతికి తాడుంది. మీ ఇద్దరిలో దొంగ ఎవరో చెప్పమంటున్నాడు." నా తమ్ముడు దుప్పటి కింద నుంచి చెయ్యి తియ్యడానికి చూశాడు. రాలేదు. "చెప్పెయ్యవే. నా చిటికెన వేలు పట్టుకున్నాడు..."

అందుకే ఇదంతా రాశాను. మేం రోజూ సంతకాలు పెట్టే కాగితం వెనక రాయడం మొదలుపెట్టాను, చాలక ఇంకో నాలుగు తీసుకున్నాను. దొంగని నేనే. నార్సీసక్క సరిగ్గానే లెక్కపెట్టింది. కింద నా కోడి కెలుకుడు సంతకం పెట్టాను. వీటిని డైరెక్టరు గదికి తీసుకెళ్ళే ముందు యాంద్రి బ్యాగు కలిపాను. పసుపు వచ్చింది. తొడుగు తొడిగి, క్లిప్పు పెట్టి, ఈ కాగితాలు దాని పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి పక్క గదిలోకి వెళ్ళాను. రెండు నిమిషాలు. బజరు మోగలేదు.

తిరిగొచ్చేసరికి నా సంతకం పక్కన రెండో సంతకం ఉంది. శుభలేఖ మీద అచ్చేసుకునే సంతకమే. కాకపోతే వేళ్ళు విరిగిన చేత్తో పెట్టినట్టు గీత గీతకీ వంకరపోయింది.

తొడుగు మూతికి క్లిప్పు లేదు. తడి నారతాడుతో ముడి వేసుంది. లోపల ఏ రంగుందో ఇప్పుడు కలిపిన నాకే తెలియదు.

బ్యాగు ఎక్కించాల్సింది ఐదింటికి. సంతకాల కింద ఇది రాస్తుంటే ఐదు దాటింది. వార్డు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. బ్యాగు నా ఒళ్ళో ఉంది, ముడి ఇంకా విప్పలేదు.