రెండు తెరల మధ్య మేక

"అమ్మా, ఈ తెర కాసేపు నాకివ్వవూ?" అంటూనే ఉడత కేబుల్ పీకేసింది.

అడగడం, పీకడం ఒకేసారి జరిగిపోయాయి. ఇంట్లో ఆ పిల్లను ఉడత అని పిలిచేది ఊరికే కాదు. ఒక పని మీద ఉండగానే ఇంకో పని మీదికి దూకేస్తుంది.

అమ్మ బల్ల మీద రెండు మానిటర్లుంటాయి. ఉడత తరగతిలో మానిటర్ ఒక్కరే. అది ఉడతే.

"నలభై మందికి నేనొక్కదాన్ని సరిపోతుంటే, నీ ఒక్కదానికి రెండు మానిటర్లెందుకమ్మా?"

అమ్మ నవ్వింది. "సాయంత్రానికి నా పని పంపాలే. నీకంత అవసరమా?"

"చాలా. బడి పత్రిక పని."

"సరే, పట్టుకెళ్ళు. పడేయకు."

పని మాట నిజమే. స్నేహితురాలు రాసిన కథను టైపు చేసి టీచరుకు పంపాలి. ఆ స్నేహితురాలిని అందరూ నత్త అంటారు. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఇంకా నెమ్మదిగా రాస్తుంది. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వెళ్ళిన ఒక తాత కథ అది. నత్తకు అదే మొదటి కథ. "నువ్వైతే త్వరగా చేస్తావు" అని నమ్మి కథ జిరాక్సు ఇచ్చింది.

ఉడత తన కంప్యూటరుకు రెండో తెర తగిలించింది. ఒకదాని మీద కథ తెరిచింది. రెండోది ఖాళీగా ఉంటే బావుండదని కార్టూన్ పెట్టింది. కళ్ళు ఇటు, చెవులు అటు, వేళ్ళు ఎటుపడితే అటు. కథ చకచకా అయిపోయింది. మళ్ళీ చదవకుండానే పంపేసింది.

కాసేపటికి టీచరు ఫోన్ చేశారు.

"ఏమ్మా మానిటరూ, మేకను వెతకబోయిన తాతగారు రాకెట్టెందుకెక్కారు?"

"రాకెట్టా టీచర్?"

"అవును. 'కెప్టెన్, ఇంధనం అయిపోతోంది' అని మేక అంటోంది. మేకకు గడ్డి చాలు కదమ్మా, ఇంధనమెందుకు? నేనంటే నవ్వుకున్నాను. పత్రికలో చూస్తే రాసిన పిల్ల నవ్వుతుందా? సాయంత్రంలోగా సరిచేసి పంపు. లేకపోతే ఈసారికి ఆ కథ ఉండదు."

ఉడత ముఖం చిన్నబోయింది. సాయం అడుగుదామని అమ్మ గదికి పరుగెత్తి, గుమ్మంలోనే ఆగిపోయింది.

చెవులు వినబడని పిల్లల కోసం పాఠాల వీడియోల కింద మాటలు రాయడం అమ్మ ఉద్యోగం. రోజూ ఒక తెర మీద వీడియో, రెండో తెర మీద అక్షరాలు. ఇప్పుడు రెండూ ఒకే తెర మీద ఇరుక్కున్నాయి. అమ్మ వీడియో ఆపి, దాన్ని పక్కకు నెట్టి, ఒక వాక్యం రాస్తోంది. మళ్ళీ వీడియో తెస్తోంది.

"ఆకులు ఏం చేస్తాయన్నాడూ?" అని తనలో తాను అనుకుంటూ మళ్ళీ వెనక్కి జరిపింది. ఒక చేత్తో మెడ రుద్దుకుంటోంది. విసుక్కోలేదు, ఉడతను పిలవనూ లేదు.

ఉడత అడగాల్సింది అడగకుండానే వెనక్కి తిరిగింది. కార్టూన్ ఆపింది. మానిటర్‌ను రెండు చేతులా పొదివిపట్టుకుని తెచ్చింది.

"అయిపోయిందా నీ పని?"

"లేదమ్మా. నాకు ఒక్కటి చాలు. రెండోది ఉంటే నేను దాని వెంటే పోతున్నాను. నీ పనికే రెండూ కావాలి. అడగ్గానే ఇచ్చేశావు, థాంక్సమ్మా. ఎటువైపు పెట్టమంటావు?"

అమ్మ ఒక క్షణం కూతుర్నే చూసింది. "ఎడమవైపు పెట్టు తల్లీ. కాస్త నా వైపు తిప్పి."

ఉడత తన గదికి వెళ్ళి నత్తకు ఫోన్ చేసింది.

"నీ కథలో తాతను రాకెట్టెక్కించేశానే. తప్పు నాదే. కార్టూన్ వింటూ టైపు చేశాను."

"మరి మేక?" అంది నత్త.

"అదీ ఎక్కింది. ఇద్దర్నీ దింపేస్తాను. కథ నువ్వే చదువు, నేను వింటూ కొడతాను. నీకు ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా చదువు."

"తాత... గుట్ట మీద నిలబడి... మేకను పిలిచాడు."

ఉడత ఆ ఒక్క వాక్యమే టైపు చేసి, తర్వాతి దాని కోసం ఆగింది.