పరికరం: మోచెయ్యి, ఎడమది

కరెంటు ఆపాలి. ఆగిందో లేదో టెస్టరుతో రెండుసార్లు చూసుకోవాలి. ట్యాంకు వేడి పోకుండా చుట్టిన దూదిపొర పక్కకు తీసిపెట్టాలి. ఏ రంగు తీగ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని పాత థర్మోస్టాట్ ఊడదీయాలి. కొత్తది బిగించాలి, దాని వీపు ట్యాంకు గోడకు గట్టిగా ఆనాలి. తీగలు కలపాలి. మూత వేయాలి. ఇంటివాళ్ల వేలిముద్ర తీసుకోవాలి.

అంతా కలిపి ఇరవై నిమిషాల పని. ఆ పని కోసం మెకానిక్ చౌడేష్ ఆ ఇంటికి రావడం ఇది మూడోసారి. జాబితాలో మొదటి గీత కూడా కొట్టెయ్యలేకపోయాడు. కరెంటు మీట ట్యాంకు మూత వెనకుంది. మూతకు గొళ్లెముంది. కాలనీ ట్యాంకులన్నిటినీ నడిపే ఉష్ణజాలం సమ్మతి ఇస్తే తప్ప ఆ గొళ్లెం విడదు.

"ట్యాంకు నూట పద్నాలుగు. నీటి వేడి ముప్పై ఎనిమిది. లోపం లేదు" అంది అతని ముంజేతి పలకలోంచి జాలం.

"పొగలొస్తున్నాయి" అన్నాడు చౌడేష్.

"పొగ కొలత కాదు."

బాత్రూం గుమ్మంలో పదకొండు రోజుల బిడ్డను ఎత్తుకుని నాగసుధ నిలబడింది. గోడమీద పచ్చటి అంకె, 38, వెలుగుతూనే ఉంది. మదనపల్లె కొండవాలు కాలనీలో చన్నీళ్ల కొళాయిలు తీసేసి పదేళ్లయింది. జాలమే సరైన వేడికి కాచి ఇస్తుంది, కలుపుకునే పని లేదు. థర్మోస్టాట్ ఎంతంటే అంత.

"మొన్న నేనే పోసేదాన్ని అన్నా" అంది నాగసుధ. "ముప్పై ఎనిమిది అనుంది కదా అని చెంబు ముంచేశాను. అవ్వ సమయానికి వచ్చింది."

అవ్వ అంటే రెడ్డెమ్మ, పక్క వీధి మనిషి. కాలనీలో పసిబిడ్డలకు నీళ్లు పోసేది ఆమే. ముక్కాలిపీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్లమీద బోర్లా పడుకోబెట్టి పోస్తుంది. చెంబు ఎత్తే ముందు ఎడమ మోచెయ్యి నీళ్లలో ముంచుతుంది. మొన్న ముంచిన మోచేతికి ఇప్పుడు బొబ్బ ఉంది.

"ఏమబ్బీ, నీ జాలానికి బిడ్డలుండారా?" అంది రెడ్డెమ్మ.

"లేరవ్వా."

"అదే అనుకుంటిని. ఉంటే ఈ మాట అనదు."

చౌడేష్‌కు ఒళ్లు మండిపోయింది, కానీ ఆమె మీద కాదు. రెండేళ్ల కిందటి దాకా అతని సంచిలో ఓ థర్మామీటరు ఉండేది. ఒక ట్యాంకుకు రెండు కొలతలుంటే తగువులొస్తున్నాయని జాలాన్ని చూసుకునే మండలి వాటిని వెనక్కి తీసేసుకుంది. అప్పుడు అతనూ సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఇమ్మన్నారు, ఇచ్చాడు. వాళ్లింట్లో మొదటి లైసెన్సు అతనిదే. వాళ్లమ్మ దాన్ని పటం కట్టించి దేవుడి పక్కన పెట్టింది.

మూడోసారి కూడా 'లోపం లేదు' అని తేలితే ఫిర్యాదు అబద్ధం కింద లెక్క. ఇంటి వేన్నీళ్ల వాటా నలభై రోజులు ఆపేస్తారు. అంటే ఈ బిడ్డకు వేన్నీళ్లే ఉండవు. పోనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే కాలే నీళ్లు అలాగే వస్తుంటాయి, పక్కన పచ్చటి అంకె వెలుగుతూ ఉంటుంది.

"నేను చేత్తో చూశాను" అన్నాడు పలకతో. ఈ మాట అనడమూ మూడోసారే.

"చెయ్యి పరికరం కాదు."

"ఎందుకు కాదు?"

"నమోదులో లేదు."

చౌడేష్ ఇంకోమాట అనబోయి ఆగిపోయాడు. మూడుసార్లూ ఇదే జవాబు విన్నాడు, మొదటి రెండుసార్లూ తిట్టుకుని వెళ్లిపోయాడు. నమోదు చెయ్యడానికి ఎవరికీ వీల్లేదని అది ఎప్పుడూ అనలేదు.

"కొత్త పరికరం నమోదు" అన్నాడు.

"తప్పుడు నమోదుకు లైసెన్సు రద్దు. పూచీ ఎవరు?"

పటం గుర్తొచ్చింది. బిడ్డ ఆవలించింది.

"నేనే. పరికరం పేరు మోచెయ్యి, ఎడమది."

రెడ్డెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా మోచేతికి బిళ్ల కడతావా ఏంది?"

"అవ్వా, నవ్వకు. అది అడుగుతుంది, నువ్వు చెప్పు."

వాడుకలో ఎన్నేళ్లని అడిగింది జాలం. నలభై ఒకటి. ఎన్ని కొలతలు? రెడ్డెమ్మ వేళ్ల కణుపులు తాకుతూ లెక్కేసింది. ఒక్కో బిడ్డకు మూడు నెలలు, రోజుకోసారి. ఏటా ఆరేడుగురు. తేలింది ఇరవై నాలుగు వేల దాకా.

"తప్పులు?"

"సున్నా" అనేశాడు చౌడేష్.

"ఉండబ్బీ. ఒకటుండాది."

"అవ్వా, అది చెప్పే పని లేదు!"

"ఎట్లా చెప్పకుండా ఉండేది? మాణిక్యం కూతురికి. నాకు జ్వరం ఆ పొద్దు. ఒళ్లు కాలతా ఉంటే నీళ్లు చల్లగా తోచినాయి. పోసినా. బిడ్డ వీపు కందిపోయింది." ఆమె గొంతు తగ్గింది. "ఆ బిడ్డకు ఇప్పుడు పెండ్లి కూడా అయింది. కనపడితే నేను వీపే చూస్తా. అప్పట్నించి జ్వరమొస్తే ఎవురింటికీ పోను."

చౌడేష్ కణతలు పట్టుకున్నాడు. అయిపోయింది. లైసెన్సు, వాటా, అన్నీ.

పలక అంది: "ఒక తప్పు. వాడకూడని స్థితి: జ్వరం. హద్దు తెలిసిన పరికరం. ఇరవై నాలుగు వేలకు ఒకటి. ఈ ట్యాంకులోది ఏడో శ్రేణి థర్మోస్టాట్, నాలుగు వేలకు ఒకటి. మోచెయ్యి పై తరగతి. కొలత చెప్పండి."

రెడ్డెమ్మ బొబ్బ ఉన్నచోటు తప్పించి, తొట్టిలో ముంచి, చటుక్కున తీసింది. "బిడ్డకు పనికిరావు."

"అంకె కావాలి."

"ఈ పరికరం అంకెలు చెప్పదు" అన్నాడు చౌడేష్, పళ్లు బిగించి. "పనికొస్తాయా, రావా, అంతే చెప్తుంది. రాసుకో."

గొళ్లెం టక్కున విడింది.

కరెంటు ఆపాడు. టెస్టరుతో రెండుసార్లు చూశాడు. దూదిపొర తీసి, పాత థర్మోస్టాట్ ఊడదీసి, వెనక్కి తిప్పి చూసి, అలాగే ఉండిపోయాడు. దాని వీపుకు పల్చటి కాగితం అంటుకుని ఉంది. కొత్త సరుకు మీద గీతలు పడకుండా అంటిస్తారే, అది. బిగించినవాళ్లు పీకలేదు. ట్యాంకు వేడి దానికి సరిగా తగలనే లేదు. తనకు తెలిసిందే అది చెప్పింది, జాలం నమ్మింది.

కొత్తదాని కాగితం పీకాడు. ఎందుకైనా మంచిదని నాగసుధకు చూపించి మరీ బిగించాడు. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండి, కాగేదాకా ముగ్గురూ కూర్చున్నారు. రెడ్డెమ్మ మోచెయ్యి ముంచింది. ఈసారి తీయలేదు.

"ఇయ్యి నీళ్లంటే" అంది. "తే బిడ్డను."

చెంబు నీళ్లు వీపున పడగానే బిడ్డ ఏడుపు మొదలెట్టి, మధ్యలోనే మానేసింది. అప్పుడు పలక మోగింది.

"ఏడో శ్రేణి ట్యాంకులు ఆరువందల పదకొండు. పై తరగతి కొలత వచ్చేదాకా అంకెల నిలిపివేత. పరికరాన్ని పంపండి."

గోడమీద పచ్చటి 38 ఆరిపోయింది. బయట వీధిలో తలుపులు తెరుచుకున్న చప్పుళ్లు, ఒకరినొకరు కేకేసి అడుగుతున్న గొంతులు. కొండవాలు మొత్తంలో ఏ ఇంటివాళ్లకూ తమ నీళ్లెంత వేడో తెలియలేదు. చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందే.

"ఆరువందల ఇండ్లా? నాకుండేది రెండు మోచేతులబ్బీ!"

"వీధికొకరు ఉండరా అవ్వా, నీలాంటోళ్లు?"

"ఎందుకుండరు. అడిగినోళ్లేరీ?"

ఇప్పుడు జాలం నమోదులో అలాంటి పరికరాలు చాలానే ఉన్నాయి. మొదటి వరసలో ఉన్నది ఇంతే: 'మోచెయ్యి, ఎడమది. తప్పులు: ఒకటి.' ఆ గడిలో మనిషి పేరుకు చోటివ్వలేదు. అందుకే ఇక్కడ రాయాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎప్పుడైనా పసిబిడ్డకు నీళ్లు పోస్తుంటే, చెంబు ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగి మోచెయ్యి ముంచండి. ముంచినప్పుడు రెడ్డెమ్మను తలుచుకోండి. ఆమె దాచని ఆ ఒక్క తప్పునూ తలుచుకోండి.