వెయ్యి గూడబాతుల్లో పైడి అయ్య

పూర్వం వెయ్యిమడుగులనే చిత్తడినేలను ఆనుకొని నీలగట్టు రాజ్యం ఉండేది. అక్కడి జాలరులు వల కట్టినప్పుడల్లా పిల్లచేపలు పోయేందుకు అడుగున జానెడు సందు వదిలేవారు. ఒక ఏడు యువరాజు పెళ్ళి విందుకు బండ్లకొద్దీ చేపలు కావలసివచ్చి, "సందు మూయకపోతే తల తీయిస్తాను!" అని రాజు హుంకరించాడు. జాలరి పెద్ద పోతన్న భయపడి మూశాడు. మడుగులను కాచే జమ్మురక్కసికి ఒళ్ళు మండి, అతణ్ణి ముక్కు కింద సంచి వేలాడే గూడబాతుగా మార్చేసింది. ఆనాటినుంచి ఎవరి వలలోనూ ఒక్క చేపైనా పడలేదు. రాజ్యమంతా పస్తులే! శాపం తీర్చినవారు కోరింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

పోతన్న కూతురు పైడి, తల్లి లేని పిల్ల. "నాకు వరాలెందుకు? మా అయ్య కావాలి" అని వెక్కివెక్కి ఏడ్చి, తెల్లవారగానే దోనె ఎక్కింది.

దారిలో పాత వలలో చిక్కి ఒక నీటికుక్క గిలగిల్లాడుతోంది. పైడి వల కోసి విడిపించింది. "రక్కసి మడుగులో చేపలకేం కొదవ? నీకు బుట్టెడు పట్టిస్తా, పద!" అంటూ అది జమ్ముపొదల మధ్య దారి చూపింది.

రక్కసి తాటిచెట్టంత ఎత్తుంది. "ఏమే బుడతా, నాకు ఫలహారంగా వచ్చావా?"

"మా అయ్య కోసం వచ్చాను అవ్వా."

"అవ్వా అన్నావు, బతికిపోయావు. అదిగో, వెయ్యి గూడబాతులు. మీ అయ్యను ఒక్కసారే చూపించు. తప్పితే నువ్వూ వాటిలో ఒకదానివవుతావు."

"అయ్యా!" అని పైడి కేకేసింది. ఏం లాభం? వెయ్యి తలలూ ఇటే తిరిగాయి. పైడి కాసేపు ఆలోచించి, నీటికుక్క పట్టిచ్చిన చేపలన్నీ నీళ్ళలో కుమ్మరించింది. పక్షులు ఎగబడి మింగాయి. ఒక బక్కపక్షి మాత్రం ముక్కు వంచి, పిల్లచేపలను మెల్లగా నీటిలోకి జారవిడిచింది.

"అదే! కడుపు మాడుతున్నా పిల్లచేపను వదిలేది మా అయ్యొక్కడే!"

ఈకలు రాలి పోతన్న నిలబడ్డాడు. కూతురిని హత్తుకొని భోరుమన్నాడు.

"మరి సందెందుకు మూశావురా?" అంది రక్కసి.

"తల పోతుందని భయపడ్డాను తల్లీ. ఆ పొద్దునుంచీ నాకు కునుకు లేదు."

రక్కసి కోపం చల్లారింది. "మూయించినవాడే వచ్చి తెరిస్తే చేపలు తిరిగొస్తాయి, పో!" అంది.

ఇద్దరూ కోటకు వెళ్ళి, శాపం తీరే మార్గం తెలిసిందనగానే రాజు అర్ధరాజ్యం ఇవ్వబోయాడు. పైడి తల అడ్డంగా ఊపింది. "ఆ సందు మీ చేత్తో తెరవండి దొరా. అదే నాకు వరం."

రాజు మోకాటిలోతు బురదలో దిగి వల కోశాడు. పిల్లచేపలు అతని కాళ్ళమధ్య గిలిగింతలు పెడుతూ సాగిపోయాయి. రాజు పకపకా నవ్వి, మడుగులన్నిటికీ పైడినే ఏలికను చేశాడు. ఆమె ఏలినంతకాలం ఆ సందును ఎవరూ మూయలేదు, మూయమని ఎవరూ అడగలేదు.