నాగసాకి ప్రసాదం

అమెరికాలో మా నోవై ఊళ్లో నవంబరు వచ్చిందంటే సాయంత్రం ఐదున్నరకే చీకటి. స్కూల్ బస్సు నాలుగింటికి వస్తుంది. మా అమ్మాయి గీతాంజలి, అల్లుడు లోకేష్ ఆఫీసుల నుంచి చేరేది ఆరున్నరకి. ఈ మధ్యలో ఇంట్లో నేనూ, ఏడేళ్ల మనవరాలు సాన్వీ. దానికి పాలు వెచ్చబెట్టి ఇస్తాను. చెదిరిన జడ విప్పి మళ్లీ వేస్తాను. జడ వేయడం డెబ్బై దాటాక నేర్చుకున్నాను.

సోమవారం జడ విప్పబోతే అది నేను వేసింది కాదు. సన్నగా, బిగుతుగా, తడిగా ఉంది.

"ఎవరేశారే?"

"ఆంటీ."

"ఏ ఆంటీ?"

"బ్యాక్‌యార్డ్ ఆంటీ. మాట్లాడదు తాతా. జస్ట్ చూస్తది."

జడలోంచి వాసన వచ్చింది. అగరొత్తుల పొగ, తడి రాయి, నాచు. ఆ వాసన నాకు తెలుసు. నెల కిందట పీల్చిందే.

అక్టోబరులో లోకేష్‌ని కంపెనీ జపాన్ పంపితే అందరం వెంట వెళ్లాం. నాగసాకి అంటే నాకు బాంబు ఒక్కటే తెలుసు. వెళ్లి చూస్తే కొండల మధ్య ఒదిగిన పాత రేవు. ఎక్కడ చూసినా రాతిమెట్లు, ఏ మెట్టు మీద ఆగినా సముద్రం. అక్కడ పండుగ రోజులు. చక్రాల మీద చెక్క ఓడని మగవాళ్లు అరుస్తూ గిర్రున తిప్పుతుంటే నేల గీరుకున్న చప్పుడు పళ్లలోకి ఎక్కింది. మర్నాడు పక్క ఊళ్లో కోతల పండుగ. డోలు వింటూ కొండదారిన ఎక్కుతుంటే ఒక మలుపులో చిన్న చిన్న రాతి విగ్రహాలు. పసిపిల్లల మొహాలు. అన్నిటి మెడల్లోనూ ఎర్రగుడ్డ. చివరి దాని ముందు వెదురు గొట్టంలో ఒక్కటే ఎర్రపువ్వు.

మన బాలకృష్ణుడి లాంటి దేవుడనుకున్నాను. దణ్ణం పెట్టి, ఆ పువ్వు తీసి సాన్వి జడలో తురిమాను. మన గుళ్లో పూజారి ఇస్తే పెట్టుకోమా?

కింది మెట్ల మీద ఊడుస్తున్న ముసలామె చీపురు వదిలేసి చేతులు ఊపింది.

"వద్దంటోందేమో నాన్నా. తిరిగి అక్కడే పెట్టేయండి," అంది గీత.

"ప్రసాదం వెనక్కివ్వకూడదు."

"అన్నిటికీ మొండితనమేనా? అదిగో బోర్డుంది. లోకేష్ పైకొచ్చాక చదివిద్దాం."

"దణ్ణం పెట్టడానికి బోర్డెందుకే?"

నలభయ్యో ఏట రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాక నేను ఏ బోర్డునీ చదవకుండా దాటలేదు. దాన్ని మాత్రం దాటేశాను. చదవలేనని ఒప్పుకోవడానికి నామోషీ.

ఆ బోర్డుని గీత ఫోటో తీసింది. సోమవారం రాత్రి నేను జడ సంగతి చెప్పాక లోకేష్ దాన్ని ఫోన్‌లోనే తెలుగు చేసి చదివాడు. పసితనంలో పోయిన బిడ్డల కోసం తల్లులు నిలబెట్టుకున్న రాళ్లు అవి. ఆ పువ్వు ఒక తల్లి తన బిడ్డకి పెట్టుకున్నది.

పువ్వు సాన్వి బొమ్మల పుస్తకంలో ఎండి, కాగితానికి అంటుకుని ఉంది.

మంగళవారం మంచు మొదలైంది. "రోడ్లు బాగాలేవు నాన్నా, లేటవుతుంది. మేం వచ్చేదాకా తలుపు తీయకండి," అని గీత ఫోన్ చేసింది. నా తప్పు నేనే దిద్దుకోవాలని నా పట్టు. ఐదున్నరకి వెనకతలుపు తీసి, పువ్వు పట్టుకుని బ్యాక్‌యార్డ్‌లోకి దిగాను.

ఇంట్లో హీటర్ చప్పుడు ఆగిపోయింది. వీధిలో కార్ల చప్పుడూ లేదు. ఎక్కడో డోలు... ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి.

కంచె దగ్గర ఆమె నిలబడి ఉంది. జుట్టు మీద మంచు పడుతోంది... కరగడం లేదు. చేతులు బిడ్డనెత్తుకున్నట్టు మడిచి ఉన్నాయి. చేతుల్లో ఏమీ లేదు.

మోకాళ్ల మీద పడ్డాను. పుట్టాక ఎవరితోనూ అనని మాట అన్నాను.

"తప్పయిందమ్మా. నాది. పిల్లది కాదు."

పువ్వు మంచులో పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు. నన్నూ చూడలేదు. నా భుజం మీదుగా, దీపం వెలుగుతున్న కిటికీని చూసింది. నవ్వింది.

రెప్ప వేసి తీసేసరికి లేదు.

లోపలికి పరుగెత్తాను. సాన్వి సోఫాలో కూర్చుని పాలు తాగుతోంది. జడలో ఎర్రపువ్వు... తాజాగా, నీళ్లు కారుతూ. మెడలో ఎర్రగుడ్డ.

"తీసేయ్ తల్లీ. ఇటివ్వు."

"నో తాతా." గుసగుసగా అంది. "ప్రసాదం వెనక్కివ్వకూడదు. ఆంటీ చెప్పింది."

"మాట్లాడదన్నావు కదే..."

"ఇప్పుడు మాట్లాడుతది."

ఆ గుడ్డని కత్తెరతో కోశాం. పెరట్లో గ్రిల్ మీద వేసి బూడిద చేశాం. నిన్న బుధవారం గీత ఆఫీసు మానేసి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని కదల్లేదు. ఐదున్నరకి గుడ్డ మళ్లీ మెడలో ఉంది. ముడి ఎవరు వేశారో గీత చూడలేదు.

నాగసాకికి టికెట్లు శనివారానికి గానీ దొరకలేదు. అందరం వెళ్తున్నాం. ఆ రాళ్ల దాకా మెట్లన్నీ నేను మోకాళ్ల మీద ఎక్కుతాను.

కోసే ముందు ప్రతిసారీ ముడికీ మెడకీ మధ్య వేళ్లు పెట్టి చూస్తున్నాను. మంగళవారం నాలుగు దూరాయి. నిన్న మూడు.

ఈరోజు రెండే.