పెళ్ళి కాజా

డాక్టర్ కృష్ణమూర్తి చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టలేదు. దానితోనే కుప్పకూలాడు.

"పాయిజన్," అన్నాడు చీఫ్. "ఇక మిగిలింది ఆ రిపోర్టు ఆయనతో కలిసి రాసిన కో-ఆథర్ డాక్టర్ ఫిలోమినా. రేపు పదకొండింటికి యానాంలో సెమినార్. నెక్స్ట్ టార్గెట్ ఆవిడే."

ఏజెంట్ దుర్గాప్రసాద్ ఫైలు తిప్పాడు. 2005లో వైద్యలోకాన్ని రెండుగా చీల్చిన వివాదం అది. కొత్త జ్వరం మందును పరీక్షించేటప్పుడు సగంమంది రోగులకు చెప్పకుండా చక్కెర బిళ్ళలు ఇవ్వవచ్చా? విదేశీ ప్రొఫెసర్లు అది సైన్స్ అన్నారు. ఫిలోమినా అది హత్య అంది. మెట్టకూరులో రహస్యంగా జరిగిన ట్రయల్‌లో చక్కెర బిళ్ళలు మింగి చనిపోయిన పంతొమ్మిది మంది పేర్లు ఆమె దగ్గర ఉన్నాయి. ట్రయల్ నడిపిన విదేశీ ముఠాకు ఆ లిస్టు బయటికి రాకూడదు.

"మన ఏజెంట్ సౌజన్య ఆవిడకి అసిస్టెంటుగా ఉంది. కోడ్ తెలుసుగా?"

"తెలుసు సర్. కానీ ఎల్లుండికల్లా నేను ఇంట్లో ఉండాలి. మా పదహారు రోజుల పండుగ."

ఆ రోజే అతని కొత్త భార్య శ్రావణి మెడలో పసుపుతాడు మార్చి, రెండు సూత్రాలూ పక్కపక్కన చేర్చి బంగారు గొలుసుకి గుచ్చుతారు. అప్పటిదాకా ఆమె దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని చొక్కాకి పసుపు అంటుతూనే ఉంటుంది. ఇప్పుడూ కాలరు మీద చిన్న మరక ఉంది. దాన్ని అతను ఉతకనివ్వలేదు.

"బతికుంటే వెళ్దువుగాని," అన్నాడు చీఫ్.

మర్నాడు పదీ యాభై. యానాంలో సెమినార్ హాలు. మెడికల్ రెప్ వేషం, జేబులో ట్రాన్స్‌మిటర్ పెన్ను. దుర్గాప్రసాద్ చుట్టూ చూశాడు. టీ అందించేవాడు, మైకు సర్దేవాడు, ముందు వరుసలో దగ్గుతున్న ముసలాయన... ప్రతి మొహమూ హంతకుడిదిలాగే ఉంది.

పట్టుచీరలో మెరిసిపోతూ ఒక అందగత్తె ఎదురొచ్చింది.

"గోదారి పాటు మీదుందా?" కోడ్ మాట మెల్లగా అడిగాడు.

"లేదండి, పోటు మీదుంది." సౌజన్య నవ్వింది. "భయపడకండి. నేనున్నానుగా."

ఆమె నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళి, ఫిలోమినా ముందు స్వీట్ బాక్స్ తెరిచింది.

"ఏంటే పిల్లా ఇది?"

"పెళ్ళి కాజాలండి. మొన్న ఆదివారమే అయ్యిందండి."

"ఓసినీ! నాకు చెప్పనేలేదే!"

"సింపుల్‌గా చేసేశారండి. తినకపోతే అలిగేస్తానండి మరి."

ఫిలోమినా కాజా అందుకుంది. దుర్గాప్రసాద్ పెదవి మీదికి నవ్వొచ్చింది. తనలాగే కొత్త జంట! అప్రయత్నంగా సౌజన్య మెడవైపు చూశాడు.

బంగారు గొలుసు. పక్కపక్కనే రెండు సూత్రాలు. మెడ మీద పసుపు జాడే లేదు.

ఆదివారం పెళ్ళి. ఇవాళ గురువారం.

కాజా ఫిలోమినా పెదాలకు తగిలింది.

"డాక్టరుగారూ!"

ఒక్క గెంతులో ఆమె చేతిని కొట్టాడు. కాజా నేల మీద పడింది.

"నీకేమైనా పిచ్చా బాబూ?" అరిచింది ఫిలోమినా.

"నాలుగు రోజుల పెళ్ళికూతురి మెడలో పసుపుతాడు లేదండి. పెళ్ళే జరగనప్పుడు పెళ్ళి కాజా ఎక్కడిది?" ఇంకో కాజా తీసి సౌజన్యకి అందించాడు. "తినండి. మీ పెళ్ళిదేగా!"

సౌజన్య మొహం పాలిపోయింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి దూరింది. పిస్టల్ బయటికి వచ్చేలోపే అతను ఆమె మణికట్టు మెలితిప్పాడు.

ట్రాన్స్‌మిటర్ పెన్నులో కబురందుకుని వచ్చిన పోలీసులు ఆమెను తీసుకెళ్ళాక, సరిగ్గా పదకొండింటికి ఫిలోమినా మైకు ముందు నిలబడింది. చేతిలో పంతొమ్మిది పేర్ల లిస్టు ఉంది.

"మనిషికి చక్కెర పెట్టేముందు అందులో ఏముందో చెప్పాలన్నది నా వాదన," అంది. "రుజువు చాల్లేదని ఆ విదేశీ ప్రొఫెసర్లు అంటున్నారు. ఇంకో రుజువు ఇదిగో, నేల మీద పడి ఉంది. వాళ్ళనే రుచి చూడమనండి."