గంగమ్మ గుడిలో దరఖాస్తు

“మీ పేరుతో మాకే కవరూ రాలేదమ్మా! అక్టోబరు పద్దెనిమిది ఇంగ్లీషు పరీక్షకి దరఖాస్తులు ఈ రోజుతో ఆఖరు. దాని సీట్లే కాదు, నవంబరు సీట్లు కూడా నిండిపోయాయి...”

హైదరాబాదు నుంచి ఆ మాట వినగానే ఎస్టీడీ బూత్ అద్దాల గదిలో సూర్యకళ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. మంగళవారం నాడు తల్లి చేతిలో పెట్టిన కవరు! ఫొటోలంటించి, పాస్‌పోర్టు కాపీ జతచేసి, డీడీ పిన్ను పెట్టి, పదిసార్లు తిప్పి తిప్పి చూసుకుని ఇచ్చిన దరఖాస్తు! శనివారం మధ్యాహ్నానికి కూడా చేరలేదంటే అదేమైనట్టు? నర్సు యూనిఫారమైనా మార్చుకోకుండా జాలరిపేట ఇసుకలో పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి పడింది.

గుమ్మం ముందు తల్లి కాసులమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. తండ్రి సింహాద్రి అరుగు మీద వలకి ముడులు వేస్తున్నాడు.

“అమ్మా! ఆ కవరు కొరియర్‌కి ఇచ్చావా, లేదా?”

కాసులమ్మ చెయ్యి ఆగిపోయింది. తల మాత్రం ఎత్తలేదు.

“నిన్నే అడుగుతన్నాను! ఆవేళ అడిగితే ‘ఆ పని నాను సూసుకుంటానులే’ అన్నావు. ఏదీ నా కవరు?”

“గంగమ్మ తల్లి కాడ ఉన్నాదే...” అంది కాసులమ్మ, నోట్లోనే.

ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. కొత్త వల నీళ్ళలో పడేముందు మూడు రోజులు గంగమ్మ పాదాల దగ్గర ఉండాలి. నాలుగోనాడు పొద్దున్నే పసుపునీళ్ళు చల్లి తెచ్చుకోవాలి. సరిగ్గా ఆ మంగళవారమే సింహాద్రి కొత్త వలని గుడికి పంపించాడు. నెత్తిన చేపల గంప, చేతిలో కూతురి కవరు, భుజాన వల పెట్టుకుని వెళుతున్న కాసులమ్మకి ఒక ఆలోచన వచ్చింది. వలకే ఇంత జాగ్రత్త తీసుకుంటామే, నా బిడ్డని సముద్రం అవతలికి పంపే కాగితానికి అక్కర్లేదా? అంతే! కవరుని వల కింద దోపేసింది. లెక్క కూడా వేసుకుంది పిచ్చితల్లి! శుక్రవారం పొద్దున్న తీసి కొరియర్‌కి ఇస్తే శనివారానికల్లా హైదరాబాదు చేరుతుంది కదా అనుకుంది. ఆ లెక్కలో తప్పు లేదు. తప్పంతా శుక్రవారం నాడే జరిగింది.

“మూడు రోజులే కదా! నిన్న వల తెచ్చీసినావు కదా!” సూర్యకళ గొంతు పగిలిపోయింది. “వల తెచ్చినదానివి కవరెందుకు తేలేదు? సెప్పు! వల కింద ఉన్న కవరు నీకు కనపడలేదా?”

కాసులమ్మ తిరగేసిన చేపనే మళ్ళీ తిరగేసింది.

“నాకు తెలుసు! నాను ఎల్లడం నీకిష్టం లేదు. ఆ మాట మొహం మీద సెప్పొచ్చు కదా! గంగమ్మ పేరు సెప్పి కూతురి బతుకు దొంగిలిత్తావా?”

“సూర్యా! కన్నతల్లిని పట్టుకుని దొంగంటావేటే?” సింహాద్రి లేచి నిలబడ్డాడు.

“దొంగే! దొంగకంటే ఎక్కువ! నవంబరు ఆఖరికి ఆ మార్కుల కాగితం సూపించకపోతే లండన్ ఆసుపత్రోళ్ళు నా పేరు కొట్టేత్తారు. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో దేవుడికే తెలియాలి. ఇంక నాతో మాటాడొద్దు... నానూ మాటాడను!”

లోపలి గది తలుపు ధడాలున మూసుకుంది. అది రెండువేల మూడో సంవత్సరం, దసరాకి వారం ముందు.

అంతకుముందు ఆరు నెలలూ ఆ ఇల్లు ఎలా ఉండేదని! ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి. కాసులమ్మ ఎంవీపీ కాలనీలో చేపలు వేసే ఇళ్ళలో మంగాయమ్మగారి ఇల్లొకటి. వాళ్ళది గోదావరి జిల్లా. మంగాయమ్మ భర్త కామరాజుగారు పోర్టులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి, విదేశీ ఓడల కెప్టెన్లతో మాట్లాడీ మాట్లాడీ ఇంగ్లీషులో ఆరితేరిన మనిషి. సూర్యకళ డ్యూటీ దిగి వాళ్ళింటికి వెళితే, పాత టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెట్టి వినిపించి ప్రశ్నలడిగేవారు. మంగాయమ్మ పెసరట్టు పెట్టేది. ఆ అట్టు ముక్క నోట్లో ఉండగానే జవాబులు రాసుకునేది సూర్యకళ.

“గోడకేసి మాట్లాడితే రాదమ్మాయ్! ఎదురుగా మనిషుండాలి. అక్కడ దొర నీ ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడు. రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. మీ ఇంట్లో ఎవర్నయినా కూర్చోబెట్టుకో” అన్నారాయన.

ఇంట్లో ఎవరుంటారు? తండ్రి వేటకెళితే మిగిలేది కాసులమ్మే! రోజూ సాయంత్రం గంప కడిగి బోర్లించి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పీట వాల్చుకుని, దొరలా బిగుసుకుని కూర్చునేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మధ్యమధ్య తలూపేది. కూతురు తడుముకుంటే వేలెత్తి, “ఆగిపోనావు! ఆగితే మార్కులు కోసేత్తారని బాబుగారు సెప్పలేదేటే?” అని గదిమేది. పక్కింటి అసిరమ్మ దడి మీంచి తొంగిచూసి, “ఓలమ్మా! మన కాసులు దొరసాని అయిపోనాదే!” అని ఒకటే నవ్వు. తల్లీకూతుళ్ళు కూడా కడుపుబ్బ నవ్వేవారు. ఎన్ని సాయంత్రాలు అలా గడిచాయో!

చివరికి ఆ గురువారం సాయంత్రం వచ్చింది. కవరు గుడిలో ఉంది. కామరాజుగారు రాసిచ్చిన ప్రశ్నల చీటీల్లో ఆ రోజు వచ్చినది, నీ జీవితంలో ముఖ్యమైన మనిషి గురించి చెప్పమని. సూర్యకళ మొదలుపెట్టింది. కాసులమ్మకి ఇంగ్లీషు రాదు గానీ ‘మదర్’ అంటే తెలుసు. ఒకసారి విన్నది, రెండుసార్లు విన్నది, అయిదారుసార్లు విన్నది. మాట్లాడుతున్న పిల్ల కళ్ళలో నీళ్ళు! రెండు నిమిషాలు దాటిపోయినా ఆపలేదు.

“ఏటన్నావే నా గురించి?” అని అడిగింది తర్వాత.

“పరీక్ష కోసం ఏటో సెప్పాన్లే” అంటూ కూతురు ముఖం తిప్పుకుంది.

ఆ రాత్రి కాసులమ్మకి కంటిమీద కునుకు లేదు. మర్నాడు గుడిలో వల తీసి భుజాన వేసుకుంది. కవరు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎందుకు వెనక్కి వచ్చిందో, ఇంకొక్క పూట ఉండనీ అని ఎందుకనుకుందో ఆమెకే తెలియదు! చెప్పండి, ఆ ‘మదర్’ మాట విన్నాక ఏ తల్లికి మాత్రం చెయ్యి ఆడుతుంది? అయినా తప్పు తప్పే. కూతురు దొంగ అన్నప్పుడు కాదని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

మాటలు లేని ఇల్లు ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. సూర్యకళ కేకలు వేసినా బాగుండేది, ఏడ్చినా బాగుండేది. కంచం తనే తీసుకుని, వడ్డించుకుని, తిని, కడిగి బోర్లించేసేది. పుస్తకాలు మూటకట్టి అటక మీద పడేసింది. దసరా నాడు తల్లి వంజరం పులుసు పెట్టి ఎదురుచూస్తే, డ్యూటీ ఉందని చెప్పి... అది కూడా తండ్రికి చెప్పి... వెళ్ళిపోయింది. పులుసు గిన్నె మూత తియ్యనేలేదు ఎవరూ.

పండగ మర్నాడు కాసులమ్మ మంగాయమ్మగారి మెట్ల మీద గంప దించి, చేపలు తియ్యడం మాని, బావురుమంది.

“ఏంటే కాసులూ! ఏమైందే తల్లీ?” కంగారుపడింది మంగాయమ్మ.

జరిగిందంతా చెప్పింది. శుక్రవారం సంగతి కూడా దాచలేదు. పొద్దున్నే గుడి నుంచి తెచ్చిన కవరు తీసి చూపించింది.

“ఎంత పని చేశావే! పిల్ల ఆరు నెలలు కష్టపడింది కదే!” అని ముందు నాలుగు చివాట్లు పెట్టి, తర్వాత తన చెంగుతోనే దాని కళ్ళు తుడిచింది మంగాయమ్మ.

కామరాజుగారు అప్పటికప్పుడు హైదరాబాదుకి ఫోను చేశారు. “ఎవరైనా మానుకుంటే నవంబరులోనే సీటు దొరకొచ్చట, అదే దరఖాస్తు పనికొస్తుందట! తేదీ కొట్టేసి ఖాళీగా ఉంచుతాను. అక్కడ ఏది ఉంటే అది వేస్తారు. ఇలా ఇవ్వు, నేనే కొరియర్‌లో పడేస్తాను.”

కాసులమ్మ కవరుని గుండెకి అదుముకుంది. “వద్దు బాబుగారూ. ఒకపాలి నా సేత్తోనే ఆపీసినాను. ఇప్పుడు నా సేత్తోనే ఇచ్చి వత్తాను.”

“నువ్వా? సింహాచలం దాటి ఎప్పుడైనా వెళ్ళావటే?” అంది మంగాయమ్మ.

“లేదమ్మగారూ. బాబుగారు తేదీ కొట్టీసి, అడ్రసు రాసిత్తే, దారిలో నలుగురినీ అడుక్కుని ఎల్తాను.”

ఆ సాయంత్రమే గోదావరి ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో నేల మీద చోటు దొరికింది. మంగళవారం పొద్దున్న సికింద్రాబాదులో దిగి, చీటీ చూపించీ చూపించీ, రెండు తప్పు బస్సులెక్కి, దిగి, చల్లటి గాజు తలుపుల ఆఫీసు ముందు తేలింది. లోపల అందరూ ఇంగ్లీషు! తన చీర, తన కాళ్ళు చూసుకుని ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. మళ్ళీ నడిచింది.

కౌంటరులోని అమ్మాయి కాగితాలన్నీ చూసి, “అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. తేదీ ఒక్కటే రాయాలి. నవంబరు ఒకటో తారీకున ఒకే ఒక్క సీటుంది, పొద్దున్నే ఎవరో మానుకున్నారు. లేదంటే డిసెంబరు పదమూడు. దానికి బోలెడు ఖాళీలు, మీ అమ్మాయి తీరిగ్గా చదువుకోవచ్చు. ఏది వెయ్యమంటారు?” అంది.

కాసులమ్మ కౌంటరు అంచు పట్టుకుంది. నవంబరు ఆఖరికి మార్కులు చూపించాలి! ఆ మాట ఆరు నెలలుగా ఇంట్లో వినీ వినీ ఆమెకి కంఠతా వచ్చేసింది. డిసెంబరు అంటే సూర్యకళ ఎక్కడికీ వెళ్ళదు. ‘సీట్లు లేవన్నారే, ఏం సెయ్యను’ అంటే అయిపోతుంది. పిల్ల నమ్ముతుంది. ఎవరూ తప్పుపట్టరు. ఇంత దూరం వెళ్ళి ఇచ్చి వచ్చిందని ఊరంతా పొగుడుతుంది కూడా! గొంతు దాకా వచ్చింది డిసెంబరు...

“అమ్మా, వెనక వాళ్ళున్నారు. చెప్పండి.”

“ఒకటో తారీకు” అంది కాసులమ్మ.

“చదువుకోవడానికి మూడు వారాలే ఉందమ్మా, సరిపోతుందా?”

“సదివీసినాది తల్లీ. నా ఎదురుగానే సదివినాది.”

రసీదు పైట కొంగున ముడి వేసుకుని బయటికొచ్చి, ఆ మెట్ల మీదే కూలబడి, వచ్చేపోయే వాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా కరువుతీరా ఏడ్చింది.

ఇక్కడ సింహాద్రి నోట్లో నువ్వు గింజ నానదు కదా! ఎవరికీ చెప్పొద్దని భార్య ఒట్టు వేయించుకున్నా మంగళవారం సాయంత్రానికి కూతురికి చెప్పేశాడు. అమ్మ హైదరాబాదులోనా! ఒక్కతే! అక్షరం చదవలేని మనిషి! ఎక్కడ తప్పిపోయిందో, ఏం తిన్నదో... బుధవారం తెల్లవారేసరికి విశాఖపట్నం స్టేషనులో నిలబడింది.

తర్వాత సూర్యకళ పరీక్ష రాసింది, కావలసిన మార్కులు తెచ్చుకుంది, లండన్ వెళ్ళి పెద్ద ఆసుపత్రిలో చేరింది. జాలరిపేటలో అదంతా కథలు కథలుగా చెప్పుకుంటారు. కానీ ఏటేటా సెలవుకి వచ్చినప్పుడు తల్లీకూతుళ్ళు తలుచుకునేది మాత్రం ఆ బుధవారం పొద్దున్న సంగతే.

రైలు ఆగింది. చివరి పెట్టెలోంచి నలిగిన చీరతో, వాచిన కాళ్ళతో కాసులమ్మ దిగింది. ఎదురుగా కూతురిని చూసి తత్తరపడింది. సూర్యకళ తల్లి చేతిలోని సంచీ అందుకుంది. కాసులమ్మ కొంగు ముడి విప్పి రసీదు తీసి ఇచ్చింది. సూర్యకళ చదివింది. మళ్ళీ చదివింది. నవంబరు ఒకటి!

“నాను దొంగనేనే!” అంది కాసులమ్మ. “శుక్రారం కవరు సూసీ తియ్యలేదు. నువ్వన్నదే నిజం. నిన్న కూడా... ఆ పిల్ల రెండు తేదీలు సెప్పినాది. డిసెంబరు అడిగితే నువ్వు ఇక్కడే ఉండిపోదువు. ఎవలికీ తెలీదు. అడిగేద్దామనే అనుకున్నానే!”

సూర్యకళ తలెత్తి చూసింది. పదకొండు రోజుల తర్వాత ఆమె నోటి వెంట మాట వచ్చింది.

“మరి... ఎందుకు అడగలేదు?”

“నువ్వు ఎల్లిపోతే ఇల్లు ఎలాగుంటాదో అని భయపడే కదే శుక్రారం ఆ పని సేసినాను! పదకొండు రోజులు నువ్వు నా ఎదురుగానే తిరిగినావు. తిన్నావు, పడుకున్నావు. ఒక్క మాట లేదు. నువ్వు ఎల్లిపోతే ఎలాగుంటాదో ఇంట్లో ఉండగానే సూపించీసినావు! కళ్ళెదుట ఉండి మాటాడని కూతుర్ని నాను పెట్టుకుని ఏటి సేసుకోను? ఎంత దూరమైనా ఎల్లు తల్లీ! ఎల్లి, అమ్మా అని పిలు... నాకది సాలు!”

“అమ్మా!”

ఆ పిలుపుకి ప్లాట్‌ఫారం మీద కూలీలు కూడా ఆగి చూశారు. సూర్యకళ తల్లిని వాటేసుకుని ఆమె భుజం మీద ముఖం దాచుకుని, “నాను అన్న మాటలు మర్చిపోవే... మర్చిపోవే అమ్మా...” అని వెక్కి వెక్కి ఏడ్చింది. కాసులమ్మ ఆ వీపు నిమురుతూ, “నిన్నటి నుంచి ఏటీ తిన్లేదే. టీ ఇప్పించవే” అంది. ఇద్దరికీ ఏడుపులోంచే నవ్వొచ్చింది.

స్టేషను బయట టీ తాగి నడక మొదలుపెట్టారు. పదకొండు రోజుల మాటలు మిగిలిపోయి ఉన్నాయి కదా! ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. జగదాంబ జంక్షను దాటాక గానీ బస్సెక్కాలన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.