వంటగట్టు ఎత్తు

"ఆపుండ్రి! సుత్తె కింద పెట్టుండ్రి!"

ఆ కేకకు మేస్త్రి కొండల్ చేతిలో సుత్తి గాల్లోనే ఆగింది. వానకు తడిసిన దుపట్టా పిండుకుంటూ ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. కరీంనగర్ నుంచి రావాల్సిన ఆర్కిటెక్ట్ మధులిక ఆమే.

ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం జోరు మీదున్న రోజుల్లో కట్టిన రాతి భవనం అది. దాని పై అంతస్తును కొత్త ఫ్లాట్‌గా మార్చే పనిలో ఉన్నాడు అమిత్. మాడ్యులర్ కిచెన్‌కు అడ్డమని వంటింటి కమాను కూల్చమన్నది అతనే.

"ఇల్లు నాది, మేడం."

"ఇల్లు మీదే. కమాను మీ ముత్తాతది. దాన్ని ముట్టుకుంటే నేను గిట్లనే వాపస్ పోత."

పొమ్మందామనే నోరు తెరిచాడు అమిత్. తీరా "ముందు జర చాయ్ తాగుండ్రి" అన్నాడు. కమాను నిలబడింది. ఆ పూట పడిపోయింది అమిత్ ఒక్కడే.

ఆ వానాకాలమంతా ఇద్దరికీ పోట్లాటే పని. టైల్స్ దగ్గర ఒకటి, స్విచ్ బోర్డుల దగ్గర ఇంకొకటి. పోట్లాట లేని రోజు అతనికి అన్నం సయించేది కాదు.

ఒకనాడు మధులిక టేపు పట్టుకుని అడిగింది. "వంటగట్టు ఎంత ఎత్తు పెట్టాలె? వండేటోళ్ళ మోచేయిని బట్టి కడతం. మీ ఇంట్ల వంట ఎవరు చేస్తరు?"

ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాడు అమిత్. "చేసే అమ్మాయి... అచ్చం మీ అంతనే ఉంటది."

సిగ్గుపడుతుందని ఆశగా చూశాడు. ఆమె మొహం మాడిపోయింది. తన మోచేయి పక్కన గోడ మీద పెన్సిల్ గీత గీసింది. మర్నాటి నుంచి పోట్లాటలు బంద్. ఏమన్నా "సరే సార్" ఒక్కటే జవాబు. ఆ "సార్" విన్నప్పుడల్లా అతనికి ప్రాణం చివుక్కుమనేది.

గట్టు మీద గ్రానైట్ పరిచే రోజు వచ్చింది. అదయితే ఆమె పని అయిపోయినట్టే. సాయంత్రం బస్సుకు కరీంనగర్ వెళ్ళిపోతుంది. అమిత్ మాటలు కూడగట్టుకుంటుండగా అతని నాయనమ్మ జానకీబాయి మెల్లగా పైకొచ్చింది. గట్టు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఎవలి కోసం రా గింత పొట్టిగ కట్టిచ్చినవ్? మనింట్ల వండేటోనివి నువ్వే గద!"

మధులిక చటుక్కున తిరిగింది. "మరి నా అంత ఉండే అమ్మాయి? మీకు పెండ్లి కుదిరిందనుకున్న!"

"ఏ పెండ్లీ కుదరలే." అమిత్ ఒకడుగు ముందుకేశాడు. "ఆ అమ్మాయివి నువ్వే. గీ ఇంట్ల నువ్వుండాలని నా ఆశ. సీదా అడిగే ధైర్యం లేక గట్లన్న. నువ్వు పోతే నాకు గీ ఇల్లే వద్దు, మధులికా."

మధులిక అతని వైపు చూడనే లేదు. "కొండలన్నా, ఆ గ్రానైట్ పక్కకు పెట్టు. గట్టు ఆరంగుళాలు లేపాలె."

అమిత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంటే... ఇష్టం లేదా?"

"నాకు చాయ్ పెట్టుడు సుత రాదు." ఉబికి వస్తున్న నవ్వుకు దుపట్టా అడ్డం పెట్టుకుంది ఆమె. "జన్మంత నాకు వండి పెట్టేటోనికి నడుం నొయ్యొద్దు గద!"

కొండల్ తల పట్టుకున్నాడు. జానకీబాయి మాత్రం మధులిక చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

"లేపుతే లేపుండ్రి గాని, పక్కన ఒక స్టూల్ సుత ఎయ్యుండ్రి. వీడు వండుతుంటే నా మనుమరాలు కూసోని కొట్లాడాలె గద!"